పిండే వేళ గంతులేసే మెషీను

బట్టలుతికే మెషీను ఉతికినంత సేపూ బుద్ధిగానే వుంటుంది. పిండటం మొదలయ్యేసరికి దానికి పూనకం వస్తుంది. గడగడమంటూ ఊగి, గోడకు కొట్టుకొని, ఒక్కోసారి నిలబెట్టిన చోటునుంచి జానెడు ముందుకు నడిచివస్తుంది కూడా. "మెషీను పాడయిందండీ" అని మెకానిక్కుకి కబురు పెడతాం. అతను వచ్చి మూత తీసి, ఒక పక్కన ముద్దకట్టిన దుప్పటిని విదిలించి చుట్టూ సర్ది మళ్ళీ వేస్తాడు. మెషీను నిమ్మళంగా తిరుగుతుంది. వచ్చినందుకు అతని డబ్బులు అతనికి ఇచ్చుకోవలసిందే.

ఈ ఊగుడు మెషీనుతో పాటే పుట్టింది. దాన్ని మాన్పడానికి ఇంజనీర్లు పడ్డ పాట్ల కథ వింటే, మీ ఇంట్లో అది గంతులేసినప్పుడు ముందు ఎక్కడ చూడాలో మీకే తెలుస్తుంది.

మన అమ్మలు దుప్పట్లు ఎలా పిండేవారో జ్ఞాపకం తెచ్చుకోండి. చెరో కొసా ఇద్దరు పట్టుకొని, ఒకరు ఇటూ ఒకరు అటూ మెలిపెట్టేవారు. అమెరికాలో ఆ పనికి టబ్బు మీద రెండు రోలర్లు బిగించారు. మన చెరుకురసం బండిలో చెరుకు దూరినట్టు బట్ట ఆ రోలర్ల మధ్య దూరి అవతలికి వచ్చేది. ఊగుడు బాధ లేదు కానీ, బట్టతో పాటు వేళ్ళు, చేతులు కూడా లోపలికి పోయేవి. పిల్లల చేతులు నలిగిన కేసుల గురించి అక్కడి డాక్టర్లు వైద్య పత్రికల్లో వ్యాసాలే రాశారు. అయినా మేటాగ్ కంపెనీ ఆ రకం మెషీన్లను 1983 దాకా తయారు చేస్తూనే వుంది.

రోలర్లు వద్దనుకుంటే మిగిలిన మార్గం టబ్బును గిరగిరా తిప్పటం. బట్టలు అంచుకు అతుక్కొని, నీళ్ళు చిల్లుల్లోంచి బయటికి పోతాయి. చిక్కంతా ఇక్కడే వచ్చింది. ఒక చిన్న లెక్క చూడండి. టబ్బులో ఒక పక్క అరకిలో తడి తువ్వాలు ఎక్కువగా వుందనుకుందాం. అది మధ్య ఇరుసుకు 25 సెంటీమీటర్ల దూరంలో, నిమిషానికి 500 చుట్లు తిరుగుతూంటే, ఇరుసును సుమారు 35 కిలోల బరువంత బలంతో పక్కకు లాగుతుంది. 1000 చుట్లయితే 70 అవుతుందనుకుంటున్నారు కదూ? కాదు, 140. వేగం రెట్టింపయితే లాగుడు నాలుగింతలవుతుందన్నమాట. పైగా ఆ లాగుడు ఒకవైపే వుండదు, టబ్బుతో పాటు చుట్టూ తిరుగుతూ వుంటుంది. ఉతికేటప్పుడు లేని పూనకం పిండేటప్పుడే రావడం అందుకే.

1937లో అమెరికాలో బెండిక్స్ పేరుతో ఒక మెషీను వచ్చింది. ముందువైపు గుండ్రని తలుపు, లోపల డ్రమ్ము. ఉతకటం, జాడించటం, పిండటం అన్నీ అదే చేసుకునేది. ఊగకుండా వుండటానికి దాన్ని చేసినవాళ్ళు కనిపెట్టిన ఉపాయం ఏమిటంటే, బోల్టులతో నేలకు బిగించేయటం! కొన్న ఇల్లాలికి గట్టి నేల వుండాలి, ఇల్లు మారితే బోల్టులు ఊడదీయాలి. అద్దె ఇళ్ళలో వుండేవాళ్ళ అవస్థ వేరే చెప్పాలా?

విచిత్రమేమిటంటే, ఇంతకన్నా మంచి ఉపాయం అప్పటికి యాభై ఏళ్ళ క్రితమే దొరికింది. అదీ పాల దగ్గర. పాలలోంచి మీగడ తీసే యంత్రాన్ని 1878లో తయారుచేసిన స్వీడన్ ఇంజనీరు గుస్తాఫ్ డి లావల్, తరువాత ఎంతో వేగంగా తిరిగే ఆవిరి టర్బైను చేశాడు. తిరిగే ఇరుసు ఒక వేగం దాటితే నిలవదని 1869లో రాంకిన్ అనే పండితుడు రాశాడు. కాబట్టి అందరూ ఇరుసును లావుగా, గట్టిగా చేసేవారు. డి లావల్ సన్నగా, వంగేట్టు చేశాడు. అది ఒక వేగం దగ్గర భయంకరంగా ఊగింది. ఆ వేగం దాటగానే దానంతటదే సర్దుకొని నెమ్మదించింది! అలా ఎందుకు జరుగుతుందో 1919లో జెఫ్‌కాట్ అనే ఆయన స్పష్టంగా వివరించాడు.

ఇప్పటి మెషీన్లన్నీ ఆ దారినే నడుస్తున్నాయి. టబ్బును బిగించరు, స్ప్రింగులకు వేలాడదీస్తారు. వేగం పుంజుకునేటప్పుడు మొదట కాసేపు ఊగి, ఆ పైన నెమ్మదించటం మీరూ చూసే వుంటారు. ఆ మొదటి ఊగుడు రోగం కాదు, కంగారుపడకండి. ముందు తలుపు వున్న మెషీన్లలో ఊగుడును అణచడానికి కాంక్రీటు దిమ్మ కూడా పెడతారు. వాటిని ఎత్తబోతే నడుం పట్టేసేది అందుకే. టబ్బు పై అంచున ఉప్పునీళ్ళు సగం పోసిన బోలు కడియం పెట్టేవారూ వున్నారు. వేగం అందుకున్నాక, బరువు ఒక పక్క వుంటే ఆ నీళ్ళు రెండో పక్కకు చేరతాయి. త్రాసులో పాసంగం వేసినట్టన్నమాట.

అన్నట్టు, మరో మాట. ముందు తలుపు మెషీను ఇంటికి వచ్చేటప్పుడు, దారిలో కుదుపులకు టబ్బు ఊగకుండా వెనకవైపు నాలుగైదు బోల్టులు బిగించి పంపుతారు. అవి తీయకుండా నడిపిస్తే మెషీను ఇల్లెగిరిపోయేటట్టు దూకుతుంది. 1937లో బోల్టు లేకపోతే దూకేది, ఇప్పుడు బోల్టు వుంటే దూకుతుంది!

ఇన్ని చేసినా కొన్ని బట్టల ముందు ఏ ఉపాయమూ పనిచేయదు. ఒంటరి దుప్పటి అలాంటిది. దానికి తోడు రెండు తువ్వాళ్ళు వేయండి. గుండీలున్న పెద్ద గలీబు నోరు తెరిచి వుంటే చిన్న బట్టలన్నిటినీ మింగి బంతిలా కూర్చుంటుంది, గుండీలు పెట్టి వేయండి. అన్నిటికన్నా ప్రమాదం నీళ్ళు దిగని గుడ్డలు, అంటే వానకోట్లు, పసిపిల్లల పక్కకింద వేసే రబ్బరు గుడ్డలు. వాటిలో నీళ్ళు సంచిలో పట్టినట్టు నిలిచి, టబ్బు జోరుమీద వుండగా ఒక్కసారి ఒక పక్కకు దొర్లుతాయి. వాటిని చేత్తో పిండి ఆరేయటమే మంచిది. ఇది భయపెట్టడానికి చెబుతున్నది కాదు. 2016 నవంబరులో అమెరికాలో ఒక పెద్ద కంపెనీకి చెందిన సుమారు 28 లక్షల పైమూత మెషీన్ల మీద ప్రభుత్వ సంస్థ హెచ్చరిక జారీచేసింది. పిండేటప్పుడు వాటి పైభాగం ఊడి లేచిపోయే ప్రమాదం వుందని తేలింది. 9 మందికి గాయాలయ్యాయి, వారిలో ఒకరికి దవడ ఎముక విరిగింది. బాగుచేసేదాకా దుప్పట్లనూ, నీళ్ళు దిగని గుడ్డలనూ తక్కువ వేగం మీదే తిప్పమన్నారు.

కాబట్టి మెషీను గంతులేస్తే ముందు ఆపండి. చేతులతో అదిమి పట్టుకోవద్దు, పైన ఎక్కి కూర్చోవద్దు. టబ్బు పూర్తిగా నిలిచాకే మూత తీసి, బట్టలు విడదీసి చుట్టూ సమంగా సర్దండి. రెండు టబ్బుల మెషీనయితే పిండే టబ్బులో బట్టలను అడుక్కంటా అదిమి, పైన దానితో ఇచ్చిన ప్లాస్టిక్ బిళ్ళ పెట్టడం మరచిపోకండి. సర్దినా ఊగుతూంటే కాళ్ళు చూడండి. నాలుగూ నేలకు ఆనాయా, ఏదన్నా గాలిలో వుందా? మూలలు పట్టి కదిపితే తెలిసిపోతుంది. మన స్నానాల గదుల్లో నీళ్ళు పోవడానికి నేల వాలుగా వుంటుంది కనుక ఈ చిక్కు తరచు వస్తుంది, కాలి మర తిప్పి సరిచేసుకోవచ్చు. ఇవన్నీ అయ్యాక ఖాళీ టబ్బుతో తిప్పి చూడండి. బట్టలేవీ లేకుండానే దడదడలాడితే అప్పుడు స్ప్రింగు పోయిందో, బేరింగు అరిగిందో. మెకానిక్కుకి కబురు పంపండి.