శూన్య వాద్యగోష్ఠిలో వంతపాట



టోక్యోలో ఉద్యోగం చేస్తున్న మా అన్నగారి మనుమడు ఈ మధ్య ఫోనులో ఒక విచిత్రమైన ప్రశ్న అడిగాడు. "తాతా, స్నేహితులందరం కరోకేకు పోతున్నం. ఈసారి అందరూ జపాను రాప్ పాటలే పాడాలని పందెం పెట్టుకున్నరు. నాకు రాగం రాదు. ఎట్లాంటి పాట ఎంచుకోవాలె?" ములుగులో పింఛను పుచ్చుకుంటూ కూర్చున్న తెలుగు పండితుణ్ణి అడగవలసిన ప్రశ్న కాదిది. అయినా ఆలోచించిన కొద్దీ ఇది మన ఛందస్సుకూ, మన ఊళ్ళ పాటలకూ దగ్గరి చుట్టమేనని తోచింది.

ముందుగా ఆ యంత్రం కథ. మనం కరోకే అంటున్నాం గాని జపాను వారి ఉచ్చారణ 'కరఒకె'. నాలుగూ లఘువులే, మన లెక్కలో నలగణం. 'కర' అంటే శూన్యం. 'ఒకె' అన్నది ఆర్కెస్ట్రా అనే మాటకు వారు చేసుకొన్న కుదింపు. వాద్యకారులు లేని వాద్యగోష్ఠి అన్నమాట. 1967లో టోక్యోలో నెగిషి షిగెయిచి ఇటువంటి పెట్టె నొకదానిని తయారుచేశాడు. 1971లో కోబె నగరంలో ఇనోఉయె దైసుకె తన యంత్రాన్ని తెచ్చాడు. ఈయన పానశాలల్లో అతిథులు పాడుతుంటే వాద్యం వాయించి పొట్టపోసుకొనేవాడు. అటువంటి అతిథి ఒకరు, తాను విహారయాత్రకు పోతున్నాననీ, వాద్యాన్ని టేపు మీద ఎక్కించి ఇమ్మనీ అడిగాడట. దాని నుంచి పుట్టిన ఆలోచనతో పదకొండు యంత్రాలు చేయించి, 100 యెన్‌ల నాణెం వేస్తే వాద్యం వినిపించే ఏర్పాటు చేశాడు. పేటెంటు తీసుకోలేదు. 2004లో, మనుషులు ఒకరినొకరు సహించడానికి కొత్త దారి చూపినందుకు ఆయనకు ఇగ్ నోబెల్ వారు శాంతి బహుమానం ఇచ్చారు. అది పరిహాసానికి ఇచ్చే బహుమానమే గాని అందులో నిజం లేకపోలేదు. వాద్యకారుడే తన వృత్తికి ప్రత్యామ్నాయం తయారుచేసి, ఎన్నడూ పాడనివాడి నోటికి పాట నందించాడు.

ఇక రాప్ సంగతి. రాగం రానివాడికి ఇది వరమే. ఇందులో శ్రుతి కంటె ఊపిరీ, అక్షరాల లెక్కా ముఖ్యం. లెక్క దగ్గర మనకూ జపాను వారికీ ఆశ్చర్యకరమైన పోలిక ఉన్నది. వారి భాష మాత్రల మీద నడుస్తుంది. 'కితె' అంటే 'వచ్చి', రెండు మాత్రలు. 'కిత్తె' అంటే తపాలా బిళ్ళ, మూడు మాత్రలు. మన గురులఘువులతో లెక్కించినా అంతే వస్తుంది. 'నిహొన్' అని తమ దేశాన్ని పిలుచుకుంటారు. లఘువు, పొల్లుతో గురువు, వెరసి మూడు. టోక్యో అంటే రెండు గురువులు, వారికి నాలుగు మాత్రలు. హ్రస్వమైన ఎ, ఒ లు మన లిపిలో ఉన్నందున వారి పాటను తెలుగులో వ్రాసుకొని పాడవచ్చు. హిందీవారికి ఆ సౌకర్యం తక్కువ.

అయితే ఒక చిక్కున్నది. మనకు వలెనే వారి వాక్యం కూడా క్రియతో ముగుస్తుంది. ప్రతి చరణం చివరా ఒకే రకపు క్రియాప్రత్యయం పడితే అంత్యప్రాసకు రుచి ఉండదు. అందుచేత జపాను భాష రాప్‌కు పనికిరాదని తొలినాళ్ళలో అన్నవారున్నారు. అక్కడి కవులు చరణాన్ని నామవాచకంతో ముగించడం, మాటల వరుస మార్చడం, హల్లులను విడిచి అచ్చులను మాత్రమే కలపడం వంటి ఉపాయాలతో ఆ చిక్కును దాటారు. మన ప్రాస నియమానికి ఇది సరిగ్గా తలక్రిందులు. ములుగు, కలిమి, వలపు అంటే మనకు ప్రాస కుదిరింది. రెండవ అక్షరంలో లకారం నిలిచింది, అచ్చు ఏదైనా సరే. వారి పద్ధతిలో ములుగుకు జత ఉసురు, కుదురు. మూడు ఉకారాలు నిలిచాయి, హల్లు ఏదైనా సరే. రెండు జాతులు ఒకే ఇంటికి చెరొక ద్వారం పెట్టుకొన్నట్లున్నది.

ఇప్పుడు పాటల ఎంపిక. 1984లో యోషి ఇకుజో అనే ఉత్తరాది గాయకుడు, ఏ సౌకర్యమూ లేని తన పల్లెను విడిచి టోక్యోకు పోతానని మాండలికంలో హాస్యంగా పాడాడు. జపాను రాప్‌కు పూర్వగామిగా దానిని చెప్పుకుంటారు. 1994లో స్చా దారా పార్ బృందం, ఒజావా కెంజి కలిసి 'కొన్యా వ బూగీ బాక్' అనే పాట చేశారు. అందులో రాగం తెలిసినవాడు పాడేందుకు కొంత, మిగిలినవారు పలికేందుకు కొంత ఉన్నది. అదే ఏడు ఈస్ట్ ఎండ్, యూరి కలిసి పాడిన 'దా యో నె' పది లక్షల ప్రతులు దాటింది. ఆ మాటకు అర్థం 'అంతే గదా' అని. ఒకరు చెప్పడం, ఒకరు అవుననడం. తరువాత దానికి ఒసాకా, హొక్కైదో మొదలైన ప్రాంతాల యాసల్లో రూపాంతరాలు వచ్చాయి. 2024 జనవరిలో క్రీపీ నట్స్ వారి 'బ్లింగ్ బాంగ్ బాంగ్ బోర్న్' వచ్చి, ఆ ఏటి బిల్‌బోర్డ్ జపాను జాబితాలో అగ్రస్థానం పొందింది. దాని వేగం సామాన్యుల నాలుకకు అందేది కాదు. పల్లవి మాత్రం అందరిదీ.

వీటిలో ఏది ఎంచాలి? నా సలహా ఒక్కటే: వంత ఉన్న పాట ఎంచుకో. బుర్రకథలో కథకుని ప్రక్కన ఇద్దరు వంతలు ఉంటారు. ఒకరు రాజకీయం చెబితే ఒకరు హాస్యం చెబుతారు. 'తందాన' అనకపోతే కథ ముందుకు నడవదు. బతుకమ్మ చుట్టూ పాడే స్త్రీలలో పాట ఎత్తుకొనే ఆమెకు మంచి గొంతే ఉండాలని లేదు; జ్ఞాపకం, ఊపిరి ఉంటే చాలు. తక్కినవారు 'ఉయ్యాలో' అని అందుకుంటారు. మా ప్రాంతానికి పొరుగున చల్లగరిగెలో పుట్టిన చంద్రబోస్ వ్రాసి, 2023లో ఆస్కారు తెచ్చిన 'నాటు నాటు' కూడా ఇద్దరు గాయకుల పాటే. 2022 అక్టోబరులో ఆ చిత్రం జపానులో విడుదలైనప్పుడు, తెలుగు రాని ప్రేక్షకునికి మొదట చేతికందేది ఆ రెండక్షరాల ఆవృత్తమే కదా!

ఇక్కడొక విచారం చెప్పకుండా ఉండలేను. ఇప్పుడు మా వైపు బతుకమ్మ ఆటకు డీజే పెట్టెలు వస్తున్నాయి. పాట పెట్టెలోనే ఉంటుంది. వంత కూడా పెట్టెలోనే ఉంటుంది. స్త్రీలు అడుగులు వేస్తారు గాని నోరు విప్పరు. జపానులో యంత్రం వాద్యాన్ని తాను తీసుకొని పాటను మనిషికి విడిచింది. ఇక్కడ యంత్రం పాటనే తీసుకొన్నది. సమ్మక్క సారలమ్మల కథను డోలి మీద కోయభాషలోనూ తెలుగులోనూ గానం చేసిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన కన్నుమూశారు. అటువంటి గాయకుని పాటను రికార్డు చేసి దాచవచ్చు. ఎదుట కూర్చుని అందుకొనేవారిని రికార్డు చేయలేము.

తరగతిలో పద్యం చదవమంటే, గొంతు బాగులేదని తల వంచుకొనే పిల్లలను ముప్ఫై ఏళ్ళు చూశాను. అదే పిల్లలు కోలాటంలో అందరితో కలిసి గొంతెత్తేవారు. గొంతు లేనివాడు ఉండడు. వంత దొరకనివాడే ఉంటాడు. అందుకే మనుమడికి 'దా యో నె' చెప్పాను. ముందు తెలుగులో వ్రాసుకొని, మాత్రలు లెక్కపెట్టి, ఊపిరి తీసుకొనే చోట గుర్తు పెట్టుకొమ్మన్నాను. 'అంతే గదా' అనే భాగాన్ని మాత్రం తాను పాడక, స్నేహితులకు విడువుమన్నాను.

మీ ఊళ్ళలో బతుకమ్మకు ఇంకా నోటితో వంత అందుకొంటున్నారా? తెలిసినవారు చెబితే సంతోషిస్తాను.