బెంగళూరులో అవధాన పీఠం

బళేపేట అంగళ్లలో వీణ, మృదంగం, తబలా, హార్మోనియం అన్నీ దొరుకుతాయి. బెంగళూరులో కచేరీ చేసేవాళ్లకు ఈ పేటతో పని పడుతూనే ఉంటుంది. అదే నగరంలో వాద్యం అక్కర్లేని, కాగితం కలం ముట్టని అవధానమనే వేదిక విద్య కూడా వేళ్లూనింది. కన్నడంలో దానికి మళ్లీ ప్రాణం పోసినవారు శతావధాని ఆర్. గణేశ్.

1962లో కోలారులో పుట్టిన గణేశ్ చదివింది మెకానికల్ ఇంజనీరింగు. 1981లో తెలుగు అవధాని లేపాక్షి మేడవరం మల్లికార్జున శర్మ గారి అవధానం చూశారు. అప్పటికి ఆయనకు ఇరవై నిండలేదు. చూసి చప్పట్లు కొట్టి ఇంటికి పోలేదు, తానే పూనుకుని అవధానం మొదలుపెట్టారు. తెలుగువాళ్లం ఈ సంగతి మరింత గట్టిగా చెప్పుకోవాలి.

అష్టావధానమంటే అవధానిని ప్రశ్నించే ఎనిమిదిమంది పృచ్ఛకులు. ఒకరు అర్థంలేనట్టు కనిపించే సమస్య ఇస్తారు. ఇంకొకరు నాలుగు పదాలు ఇచ్చి వాటిని పద్యంలో ఇమడ్చమంటారు. నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు అవధాని నోట అక్షరం పడగానే తర్వాతిదానికి అడ్డు కడతాడు. ఈలోగా అప్రస్తుత ప్రసంగి సంబంధం లేని ప్రశ్నలతో ధ్యాస చెదరగొడతాడు. ఆవృత్తికి, అంటే ఒక్కో చుట్టుకు, ఒక్కో పాదం చొప్పున పద్యాలు నడుస్తాయి. చివర ధారణలో అన్నీ వరసగా అప్పజెప్పాలి. ఛందస్సు తప్పకూడదు. కన్నడ పద్యానికి ప్రాస ఉంటే చాలు, తెలుగులో వృత్తం చెప్పాలంటే యతి కూడా కుదరాలి. కన్నడం, సంస్కృతంతో పాటు తెలుగులోనూ అవధానం చేసిన గణేశ్ ఆ బరువూ మోశారు.

వేదిక మీద కవికి పరీక్ష పెట్టే పద్ధతి వేరేచోటా ఉంది. 1986లో షికాగోలోని గ్రీన్ మిల్ క్లబ్బులో మార్క్ స్మిత్ అనే కవి పోయెట్రీ స్లామ్ మొదలుపెట్టారు. ప్రేక్షకుల్లోంచి ఎంచిన న్యాయనిర్ణేతలు అక్కడ కవికి మార్కులు వేస్తారు. అయితే ఆ కవి తన కవితను ముందే సిద్ధం చేసుకుని రావచ్చు. అవధానికి ఆ వెసులుబాటు లేదు. నా దృష్టిలో అవధానమే మరింత కఠినమైన పరీక్ష.

తెలుగులో జంటగా అవధానాలు చేసిన తిరుపతి వేంకట కవుల కాలంలో ఈ విద్యను గద్వాల, ఆత్మకూరు, వెంకటగిరి వంటి సంస్థానాలు ఆదరించాయి. ఆ జంటలో ఒకరిగా అవధానాలతో ఊరూరా తిరిగిన చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి తర్వాత బందరు హైస్కూలులో తెలుగు పండితులయ్యారు. విశ్వనాథ సత్యనారాయణ అక్కడే ఆయనకు శిష్యుడయ్యారు. గణేశ్‌కు అలాంటి సంస్థానాలేవీ లేవు. కన్నడ అవధాన కళ మీదే పరిశోధించి హంపీ కన్నడ విశ్వవిద్యాలయం నుంచి డి.లిట్. పొందారు. సభలూ శ్రోతలూ ఆయన్ని నిలబెట్టారు, అవధానాల సంఖ్య వెయ్యి దాటింది. 2012 నవంబరు 30 నుంచి డిసెంబరు 2 వరకు బెంగళూరులో మూడు రోజులపాటు నూరుమంది పృచ్ఛకుల శతావధానాన్ని పూర్తిగా కన్నడంలోనే నడిపారు.