సంఘం బలాన్ని కొలిచిన కథ

ఒక కార్మిక సంఘం వెనక నిజంగా ఎంతమంది ఉన్నారో తేల్చేదెలా? చందా రసీదులు లెక్కపెట్టాలా, ఓట్లు లెక్కపెట్టాలా? మన రైల్వేల్లో ఈ ప్రశ్నకు జవాబు దొరకడానికి దాదాపు ఎనభై ఏళ్లు పట్టింది.

ఆ కథను బిలాస్‌పూర్ నుంచి చూద్దాం. అది రైలుతో ఎదిగిన ఊరు. 1891లో బెంగాల్ నాగపూర్ రైల్వే నాగపూర్ నుంచి ఈ ఊరి మీదుగా అసన్‌సోల్ దాకా పట్టాలు వేసింది. 1931లో రాయపూర్–విజయనగరం లైను పూర్తయ్యాక ఉత్తరాంధ్రకూ ఈ ప్రాంతానికీ మధ్య దారి తేలికైంది. ఖలాసీలుగా, ఫైర్‌మెన్‌గా, గుమాస్తాలుగా వచ్చిన తెలుగువాళ్ల పిల్లలూ మనవళ్లూ ఇక్కడి రైల్వే కాలనీల్లోనే పెరిగారు. ఆ రైల్వే కార్మికులను సంఘటితం చేసిన నాయకుల్లో ముఖ్యుడు కూడా తెలుగువాడే. 1927లో అదే రైల్వేకు చెందిన ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఉద్యోగాల కోత మీద సమ్మె జరిగినప్పుడు ముందు నిలిచిన వి.వి. గిరి తర్వాతి కాలంలో రాష్ట్రపతి అయ్యారు.

అంతకు ముందు ఏడాదే, 1926లో, కార్మిక సంఘాల చట్టం వచ్చింది. ఏడుగురు సంతకం పెడితే సంఘాన్ని రిజిస్టర్ చేయించుకోవచ్చంది. కానీ ఆ సంఘంతో యాజమాన్యం మాట్లాడి తీరాలని మాత్రం చెప్పలేదు. ఆ లోటు తీర్చడానికి 1958లో క్రమశిక్షణ నియమావళి వచ్చింది. సంస్థలోని కార్మికుల్లో కనీసం 15 శాతం మంది సభ్యులుగా ఉన్న సంఘం గుర్తింపు అడగవచ్చని, ఒకటికి మించి ఉంటే పెద్దదానికే గుర్తింపని అది చెప్పింది. ఏది పెద్దదో సభ్యత్వ పుస్తకాలు తనిఖీ చేసి తేల్చాలంది. గొడవ అక్కడే మొదలైంది. ఒకే మనిషి పేరు రెండు పుస్తకాల్లోనూ కనబడేది. ఎవరి లెక్క వాళ్లదే.

1995లో ఫుడ్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు ఏ సంఘం పెద్దదో తేల్చడానికి రహస్య బ్యాలెట్ ఎలా జరపాలో పద్ధతి నిర్దేశించింది. 1998లో మన సింగరేణిలో తొలి గుర్తింపు సంఘం ఎన్నికలు జరిగాయి. రైల్వేల్లో ఆ రోజు 2007లో వచ్చింది. బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడి అప్పటికి నాలుగేళ్లు. ఓటర్లలో 30 శాతమో, పోలైన ఓట్లలో 35 శాతమో తెచ్చుకున్న సంఘానికే గుర్తింపు అన్నారు. దాంతో బిలాస్‌పూర్, రాయపూర్, నాగపూర్ డివిజన్లలో పట్టాల మీద పనిచేసే మనిషి కూడా ఏ సంఘం తన తరఫున మాట్లాడాలో ఎవరికీ చెప్పకుండా ఎంచుకోగలిగాడు.

చందా రసీదు, ఓటు అనే ఈ రెండు కొలతలూ ఐరోపాలోనూ కనిపిస్తాయి. స్వీడన్‌లో ఉద్యోగుల్లో పదిమందికి ఇంచుమించు ఏడుగురు సంఘ సభ్యులు. ఫ్రాన్స్‌లో పదిమందికి ఒక్కరు. ఫ్రెంచి కార్మికుడికి ఐకమత్యం లేదనుకుంటే పొరపాటే. తేడాకు కారణం వేరే ఉంది. 1901లో బెల్జియంలోని ఘెంట్ నగరపాలక సంస్థ నిరుద్యోగ సభ్యులకు సంఘాలిచ్చే భృతికి తన సొమ్మూ కలిపింది. 1934లో స్వీడన్ ఆ పద్ధతినే తెచ్చుకుంది. ఉద్యోగం పోతే ఆదుకునే నిధి సంఘాల చేతిలో ఉంది కాబట్టి అక్కడ జనం సభ్యులయ్యారు. 2007లో ప్రభుత్వం ఆ నిధికి కట్టాల్సిన రుసుము పెంచగానే సభ్యత్వం పడిపోయింది. ఫ్రాన్స్‌లో సంఘాలు కుదిర్చిన ఒప్పందం సభ్యుడు కానివాడికీ వర్తిస్తుంది, ఉద్యోగుల్లో 90 శాతానికి పైగా దాని నీడలో ఉన్నారు. 2008 చట్టం వచ్చాక అక్కడి సంఘం ఒక సంస్థలో కార్మికుల తరఫున మాట్లాడాలంటే ఆ సంస్థ ఎన్నికల్లో కనీసం 10 శాతం ఓట్లు రావాలి. అంటే బిలాస్‌పూర్ పద్ధతికి దగ్గరి చుట్టం స్వీడన్ కాదు, ఫ్రాన్స్.

రసీదు లెక్క సంఘం తన మనుషులకు ఏం ఇస్తోందో చెబుతుంది. ఓటు లెక్క దాని మీద జనానికి ఎంత నమ్మకముందో చెబుతుంది. రెండూ కావాలి. అయితే రైల్వేల్లో 2013 ఎన్నికల తర్వాత మళ్లీ ఓటు వేయడానికి 2024 డిసెంబరు దాకా ఆగాల్సి వచ్చింది. స్టేషన్లు ఊడ్చే, బోగీలు కడిగే కాంట్రాక్టు కార్మికుల పేర్లు ఓటర్ల జాబితాలో ఇప్పటికీ లేవు. గుర్తింపు ఎన్నికలు గడువుకు జరగాలి, ఆ జాబితాలో వాళ్లకూ చోటు ఉండాలి. ఇది అడగాల్సింది ఆ 2024 ఎన్నికల్లో గెలిచిన సంఘాలే.