విఫలమైన పని పునఃప్రారంభం

వ్యాపార ప్రక్రియల సాఫ్ట్‌వేర్‌లో ఒక దశ ఆగిపోతే, మొదటికి వెళ్లకుండా అక్కడి నుంచే మళ్లీ నడిపే పద్ధతి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటి, ఉద్దానం ప్రాంతపు కొబ్బరి, జీడి తోటలను కూల్చేసింది. అలాంటి విపత్తులో పరిహారం రైతు ఖాతాకు చేరాలంటే నమోదు, పరిశీలన, ఆమోదం, చెల్లింపు వరసగా సాగాలి. ఖాతా నంబరు తప్పయితే చివరి దశ విఫలమవుతుంది. తోట పోయిన రైతును మళ్లీ మొదటి నుంచి పత్రాలు తెమ్మనడం అన్యాయం. నంబరు దిద్ది, ఆ ఒక్క దశనే నడపాలి. సర్వర్ కాసేపు మొరాయిస్తే సాఫ్ట్‌వేరే మళ్లీ ప్రయత్నిస్తుంది: కముండా 7 అనే ప్రక్రియల సాఫ్ట్‌వేర్‌లో మామూలుగా మొత్తం 3 సార్లు, ఆపై ఆపరేటర్ చూడాలి.

డబ్బు జమయ్యాక జవాబు మాత్రమే అందకపోతే? ఆ దశను గుడ్డిగా మళ్లీ నడిపితే రెండోసారి చెల్లింపు జరగొచ్చు. అందుకే ప్రతి చెల్లింపుకూ మారని గుర్తింపు సంఖ్య ఇస్తారు. మళ్లీ వచ్చిన ఆదేశాన్ని దాన్నిబట్టే పట్టుకుని ఆపేలా వ్యవస్థను కడతారు.