నవాబులకు ఇల్లెందుకు?

మేం ఇంటి జాగా అడిగినప్పుడల్లా ఒక ఎత్తిపొడుపు వినబడుతుంది: "నవాబులు, మీకేం తక్కువ?" దేవిడీలు నవాబులవి. వాటికి సున్నం కలిపినోళ్లం, గుర్రాలకు మేతేసినోళ్లం మేం.

1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలమందిని మింగింది. ఒడ్డునున్న ఇరుకు బస్తీలు కొట్టుకుపోయాయి. 1912లో నిజాం ప్రభుత్వం నగరాభివృద్ధి బోర్డు పెట్టి, మురికివాడలు తీసి వరస ఇళ్లు కట్టించింది. మేం పాలకులమని చెప్పే ఆ కాలంలోనూ మాలో పేదలకు నిలిచే గోడ లేదు.

స్వతంత్ర భారతంలో 1985-86లో ఇందిరా ఆవాస్ యోజన వచ్చింది. మొదట దళితులకు, ఆదివాసులకు, వెట్టి నుంచి విడుదలైన కూలీలకు. అది న్యాయమే. ఊరవతలికి నెట్టబడ్డవాళ్లకే ముందు దక్కాలి. 1993-94లో మిగతా పేదలకూ తలుపు తీశారు. కాని ఆ పథకం పల్లెలది. 2001 జనగణన ప్రకారం దేశ జనాభాలో పట్టణాల్లో ఉండేది 27.8 శాతమైతే, ముస్లిముల్లో 35.7 శాతం. పంక్చర్లేసేవాళ్లం, బట్టలు కుట్టేవాళ్లం, పండ్ల బండి తోసేవాళ్లం గల్లీల్లో కిరాయికుంటాం. పల్లె జాబితాలో మా పేరెలా ఉంటుంది?

2015లో పట్టణాలకు ప్రధానమంత్రి ఆవాస్ యోజన వచ్చింది. సొంతంగా కట్టుకుంటే సాయం చేస్తామన్నారు, జాగా కాగితం చూపమన్నారు. జాగా ఉన్నోడు సగం గట్టెక్కినట్టే. లేనోడి సంగతేమిటి?

ఇందిరా ఆవాస్‌లో మైనారిటీలకు 15 శాతం కేటాయించాలని కేంద్రం చెప్పింది 2006లో. మా పేదరికం విడిగా కనబడడానికి ఇరవయ్యేళ్లు పట్టింది.

ఆ పథకంలో మాకు నచ్చిన నియమం ఒకటుండేది. ఇల్లు ఆడమనిషి పేర, లేదా ఆలుమగలిద్దరి పేర రాయాల్సి ఉండేది. తలాక్ మాటతో నడివీధిన పడ్డ మా అక్కలకు ఆ కాగితం విలువ తెలుసు. మగవాళ్లం మేమే ఇంకా నేర్చుకోవాలి. సర్కారును నిలదీసే నోరు ఇంట్లో మూతపడకూడదు.

"తురకలకు కిరాయికియ్యం" అనే వీధుల్లో పట్టా భిక్ష కాదు, నిలబడే చోటు. మాకు దేవిడీలు వద్దు. అమ్మీ పేర, నెంబరున్న ఒక గుమ్మం చాలు.