కామా కథ



"లక్ష్మి అత్తయ్య వచ్చారు." ఇలా రాస్తే వచ్చింది ఒక్కరే. లక్ష్మి పక్కన కామా పెడితే ఇద్దరు. తెలుగులో "వచ్చారు" అన్న మాట గౌరవానికీ, బహువచనానికీ ఒకటే కాబట్టి తేడా చెప్పే భారం కామాదే.

మన తాళపత్రాల్లో కామా లేదు. మాటల మధ్య ఎడం కూడా లేకుండా గంటంతో రాసుకుపోయేవారు. పద్యం చివర నిలువు గీతలుండేవి. ఎక్కడ విరవాలో గురువు నోట విని నేర్చుకునేవారు. కామా గ్రీకు మాట. కోసిన ముక్క అని అర్థం. 1490లలో వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ అచ్చువేసిన పుస్తకాల్లో దానికి నేటి రూపం వచ్చింది. ఇంగ్లీషు చదువుతో, అచ్చుతో, 19వ శతాబ్దంలో తెలుగు వచనంలో అది స్థిరపడింది.

అంతకుముందు నుంచీ మనకు మరో ఉపాయం ఉంది: "రామూ సీతా గోపీ వచ్చారు." చివరి అచ్చును సాగదీస్తే చాలు, పేర్లు విడివడతాయి. పిల్లలచేత ముందు ఇలా పలికించండి. తర్వాత దీర్ఘం తీసేసి, "రాము, సీత, గోపి వచ్చారు" అని రాయించండి. కామా ఏ పని చేస్తోందో వాళ్లకే తెలుస్తుంది. ఆగిన ప్రతిచోటా మాత్రం పెట్టనివ్వకండి.

మన సరిహద్దు పిల్లల్లో చాలామందికి బడిలో కన్నడమో, తమిళమో, మరాఠీయో, ఒడియానో; తెలుగు ఇంట్లోనే. ఒడియాలో వాక్యం చివర నిలువు గీత గీస్తారు, మనం చుక్క పెడతాం. కామా మాత్రం అన్నిటా ఒక్కటే. ఇంట్లో తెలుగులో నేర్పితే బడి భాషకూ అక్కరకొస్తుంది. తెలుగు రాత కూడా నిలుస్తుంది.

సెలవు.