పడవకు బెజ్జం

పడవకు బెజ్జం పడితే మునుగుతుందని పసిపిల్లలకు కూడా తెలుసు. అయినా మన కోస్తా తీరపు నావికులు శతాబ్దాలపాటు తమ పడవలకు వరుసలు వరుసలుగా బెజ్జాలు తామే తొలిచి, ఆ పడవలతోనే కెరటాలను దాటారు. ఈ వింత సంగతిని గురించే నాలుగు మాటలు.

క్రీ.శ. 2వ శతాబ్దపు శాతవాహన నాణేలమీద రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ కనిపిస్తుంది. అదే శతాబ్దంలో టాలెమీ పేర్కొన్న మైసోలియా కృష్ణా ముఖద్వార ప్రాంతమేనని చరిత్రకారుల అభిప్రాయం. ఇంతటి నౌకాయాన చరిత్ర గల తీరానికి ఒక చిక్కు ఉండేది. ఒడ్డున లోతు తక్కువ, కెరటాల పోటు ఎక్కువ. ఓడలు దూరంగా లంగరు వేసుకునేవి. సరుకునూ మనుషులనూ చిన్న పడవలే ఒడ్డుకు చేర్చాలి. మేకులతో బిగించిన గట్టి పడవ ఇసుకకు మోదుకుంటే అతుకులు విడిపోయేవి.

దానికి విరుగుడే ఆంగ్లేయులు 'మసూలా' అని పిలిచిన కుట్టు పడవ. ఆ పేరుకు మచిలీపట్నమే మూలమని కొందరు అన్నారు గాని, ఆ విషయంలో ఏకాభిప్రాయం లేదు. 1669-79 నడుమ ఈ తీరాలలో తిరిగిన థామస్ బౌరీ తన గ్రంథంలో ఈ పడవలను వర్ణించాడు. వీటికి లోపల పక్కటెముకల వంటి కొయ్యలు లేవు, ఇనుప మేకులు లేవు. పలకల అంచుల వెంబడి బెజ్జాలు తొలిచి, అతుకుమీద ఎండుగడ్డినో పీచునో దట్టంగా పరచి, దానిమీదుగా కొబ్బరితాడుతో బిగించి కుట్టేవారు. కెరటం కొట్టినప్పుడు పడవ పగలక, వంగి సర్దుకునేది. నీరు కొంత ఊరేది, దాన్ని తోడి పోసేవారు. పూర్తిగా నీరు చొరని పడవ కాదు వారికి కావలసింది, విరగని పడవ.

నదిమీదా కాలువలమీదా అవసరం వేరు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక, డెల్టా కాలువలు పొలాలకు నీటినే గాక పడవలమీద సరుకునూ మోశాయి. అక్కడ కెరటాల పోటు లేదు. మేకులతో బిగించిన కొయ్య పడవల అతుకులలో నార కుక్కి, నూనెలో కాచిన గుగ్గిలం పూస్తే సరిపోయేది.

నేడు ఫైబరు పడవలు వచ్చాయి. జపానులో ఫురునో సోదరులు 1948లో ఆచరణలోకి తెచ్చిన ఫిష్‌ఫైండరు ఇప్పుడు చిన్న పడవలకూ అందుబాటులో ఉంది. నీటిలో సెకనుకు సుమారు 1500 మీటర్ల వేగంతో పోయే ధ్వని తిరిగి రావడానికి పట్టే కాలాన్ని బట్టి అది లోతునూ చేపల జాడనూ చూపుతుంది. దాని తీగ కోసం మళ్ళీ బెజ్జం! కయాక్ వంటి పాలిథీన్ పడవకు సిలికాన్ జిగురు సరిగా అంటదు. పడవ వంగిన కొద్దీ అది ఊడి వస్తుంది. కాబట్టి రబ్బరు బిళ్ళ వేసి, రెండు వైపులా మరబిగింపుతో అదిమే అమరికే మేలు. ధ్వని గ్రాహకాన్ని పడవ అడుగున లోపలివైపే అతికిస్తే, పలుచని ప్లాస్టిక్కును దాటి ధ్వని పోతుంది గనుక, నీటిమట్టం కింద బెజ్జమే అక్కరలేదు.

మెత్తని దానిని నడుమ పెట్టి, గట్టిగా అదిమి, పడవతో పాటు వంగనివ్వడం: రబ్బరు బిళ్ళ నేడు చేసే పని నాడు ఎండుగడ్డి చేసింది. కుట్టిన చేతుల పేర్లు మాత్రం ఏ గ్రంథంలోనూ మిగలలేదు.